వెనక బెంచీ ఎందుకు మాట్లాడదంటే

మాల మాదిగ పిల్లలు క్లాసులో నోరు విప్పరని మీరంటారు. స్టాఫ్ రూములో టీ తాగుతూ అంటారు. సెమినార్లలో మైకు ముందు అదే మాటకి ఇస్త్రీ చేసి, ‘ఫస్ట్ జనరేషన్ లెర్నర్స్‌లో పార్టిసిపేషన్ తక్కువ’ అంటారు. భాష మారింది. వేలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ మా వైపే.

నేను ముప్పై ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. అంతకు ముందు పదిహేడేళ్ళు వెనక కూర్చుని విన్నాను. బల్లకి ఈ పక్కా ఆ పక్కా రెండూ చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆ పిల్లలు మూగవాళ్ళు కాదు. వాళ్ళ నోరు మూయించే పని హాజరుపట్టీ తెరిచిన నిమిషం నుంచే మొదలవుతుంది. గంట గంటకీ జరుగుతుంది. మూయించినవాళ్ళే వీళ్ళెందుకు మాట్లాడరని పేపర్లు రాసి ప్రమోషన్లు తీసుకుంటున్నారు.

మా పల్లెకి రండి ఒకసారి. మాదిగపల్లెలో రాత్రి అన్నాలు తిన్నాక మాట ఆగదు. కూలి రేటు మీద, మేస్త్రీ లెక్కలో దొంగతనం మీద, పాస్టరు గారి పెత్తనం మీద, పంచాయితీ ఎలక్షన్ మీద పదిహేనేళ్ళ పిల్లాడు అరవయ్యేళ్ళ తాతతో వాదనకి దిగుతాడు. గెలిచేదాకా వదలడు. అదే పిల్లాడు వాళ్ళమ్మ తరఫున అర్జీ రాసి, తహసీల్దారాఫీసులో గుమస్తా ముందు నిలబడి మాట్లాడి సర్టిఫికెట్టు తీసుకొస్తాడు. తెల్లారి తొమ్మిదిన్నరకి మీ క్లాసులోకి అడుగుపెట్టేసరికి ఆ గొంతు ఎక్కడికి పోతోంది? పిల్లాణ్ణి కాదు అడగాల్సింది. ఆ గదిని అడగండి.

ఇంటర్లో నాకు జరిగింది చెబుతాను. చేరిన మొదటి రెండు నెలలు నేనెవరో ఎవరికీ తెలియదు. మా ఇంటిపేరు పట్టుకుని కులం పోల్చడం కష్టం. ఫిజిక్సు సారు ప్రశ్న వేస్తే చెయ్యెత్తేవాణ్ణి. రెండు మూడుసార్లు బోర్డు మీద లెక్క కూడా చేశాను. మూడో నెలలో ఒకరోజు అటెండరు నోటీసు తెచ్చాడు. సారు చదివి, “ఎస్సీ ఎస్టీ స్కాలర్‌షిప్పు వాళ్ళు లేచి నిలబడండి, పేర్లు రాసుకోవాలి” అన్నాడు. ఎనభై మందిలో ఏడుగురం లేచాం. నా పక్కన కూర్చునే కుర్రాడు తలెత్తి నా మొహం చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు వాడు రెండు బెంచీలు ముందుకి జరిగిపోయాడు. ఆ వారం నుంచి సారు చూపు నా బెంచీ దాకా వచ్చి, గోడకి తగిలిన బంతిలాగా వెనక్కి పోయేది. నన్నెవరూ కొట్టలేదు. తిట్టలేదు. ఏ చట్టం కిందా కేసు పెట్టడానికి అక్కడేమీ లేదు. చెయ్యి మాత్రం మళ్ళీ లేవలేదు.

ఇదంతా నా ఒక్కడి పిరికితనం అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి ఒక పరీక్ష పెట్టి, 2004లో వివరాలు బయటపెట్టారు. కాగితం మీద మెలికల దారుల బొమ్మలిచ్చి, బయటికి దారి కనుక్కోమన్నారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలూ పైకులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. పిల్లల పేర్లూ కులాలూ అందరి ముందూ చదివి వినిపించినప్పుడు దళిత పిల్లలు దారి కనుక్కున్న బొమ్మలు బాగా తగ్గిపోయాయి. బొమ్మలు అట్లాంటివే. పెన్సిళ్ళు అట్లాంటివే. మారిందల్లా ఒక్కటే, గదిలో కులం పేరు పైకి వినబడటం. మెరిట్ గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పి తరవాత మాట్లాడాలి.

ఇప్పుడు స్కాలర్‌షిప్పులు ఆన్‌లైన్ అయ్యాయి, ఎవర్నీ లేపి నిలబెట్టడం లేదంటారు. జాబితా నోటీసు బోర్డుకి అంటిస్తున్నారు. వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. “ఫీజు రీయింబర్స్‌మెంట్ వాళ్ళు ఆగండి, మిగతావాళ్ళు వెళ్ళొచ్చు” అంటున్నారు. నిలబెట్టడంలో రకాలు పెరిగాయి.

నాలుగేళ్ళ కిందట ఒక రిఫ్రెషర్ కోర్సుకి పంపారు. ఏ యూనివర్సిటీ అన్నది వదిలేద్దాం. వచ్చిన ప్రొఫెసరు గారు రెండు గంటలు బొమ్మలు చూపించి విద్యార్థిని పాఠంలోకి లాగే పద్ధతులు చెప్పారు. ముందు ఒంటరిగా ఆలోచించాలి, తరవాత పక్కవాడితో చర్చించాలి, ఆ తరవాత క్లాసుకి చెప్పాలి. హార్వర్డులో ఎరిక్ మజూర్ అనే ఆయన 1991లో ఫిజిక్సు క్లాసులో ఇట్లాంటిది మొదలుపెట్టాడు. ఉపన్యాసం ఆపి, ఒక ప్రశ్న వేసి, పక్క పక్క వాళ్ళని వాదించుకోనిస్తాడు. పద్ధతి మంచిదే. నేనూ వాడతాను. నా తగవు పద్ధతితో కాదు. అందులో ఒక మాట ఉంది, పియర్ అని. పియర్ అంటే సాటివాడు. అయ్యా ప్రొఫెసరు గారూ, ఈ దేశంలో సాటివాడు ఎవరు? పల్లె ఊరికి ఎంత దూరమో వెనక బెంచీ ముందు బెంచీకి అంతే దూరం. హాస్టలు పిల్లలొక పక్క, బైకుల మీద వచ్చే పిల్లలొక పక్క. పక్కవాడితో మాట్లాడమంటే మాలపిల్లాడు మాదిగపిల్లాడితో మాట్లాడతాడు. చౌదరి పిల్లాడు రెడ్డి పిల్లాడితో మాట్లాడతాడు. ఊరు ఊరుగానే ఉంటుంది. మీ పద్ధతి పనిచేసిందని మీ ఫారంలో టిక్కు పడుతుంది. ఈ మాట అక్కడే లేచి అడిగాను. “క్యాస్ట్ తీసుకురాకండి సార్, మనం పెడగాజీ మాట్లాడుతున్నాం” అన్నారాయన. కులాన్ని నేను సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చినట్టు!

నేనేం చేస్తానంటే, వారానికోసారి చీటీలు తీసి జతలు మారుస్తాను. ల్యాబులో కూడా అంతే. ఒకే స్టాండు, ఒకే బ్యూరెట్టు, ఒకే రీడింగు. ఇద్దరూ సంతకం పెట్టాలి. మొదటి నెల గది బిగుసుకుపోతుంది. మాటలుండవు. రెండో నెలకి రీడింగు తప్పు నీదంటే నీదని పోట్లాట మొదలవుతుంది. ఆ పోట్లాట వింటే నాకు పండగ. ఒక సంవత్సరం ఒక తండ్రి ప్రిన్సిపాలు దగ్గరికి వచ్చాడు. వాళ్ళమ్మాయిని ఎవడి పక్కనో నిలబెడుతున్నానట. ప్రిన్సిపాలు పిలిచి, “మీరు కెమిస్ట్రీ చెప్పండి, సంఘసంస్కరణ మనకెందుకు” అన్నాడు. కెమిస్ట్రీయే చెబుతున్నానండీ, వేరు వేరు సీసాల్లో పెడితే రియాక్షన్ జరగదు అన్నాను. ఆ మాటకి నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఏం పడిందో నాకు తెలుసు.

ఇంకొకటి, ప్రశ్న వేసి ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికా ఆవిడ 1970లలో క్లాసుల్ని టేపు చేసి గడియారం పెట్టి కొలిచింది. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. అంతలో జవాబు రాకపోతే ఇంకొకరి మీదకి పోతున్నారు, లేదా తామే చెప్పేస్తున్నారు. మొద్దులు అని తాము అనుకున్న పిల్లల దగ్గర ఇంకా తక్కువ ఆగుతున్నారు. మూడు సెకన్లకి మించి ఆగితే జవాబులు పొడవవుతున్నాయి, అంతవరకూ నోరెత్తని పిల్లలు నోరెత్తుతున్నారు. పాఠం ఇంగ్లీషులో విని, ఇంట్లో మాటలోకి మార్చుకుని, జవాబు మళ్ళీ ఇంగ్లీషులోకి కూర్చుకోవాల్సిన పిల్లాడికి ఒక్క సెకనులో ఏం తెములుతుంది? మీరు ఆగలేదు. వాడు మొద్దు అయ్యాడు. నేను మనసులో పదిదాకా లెక్కపెడతాను. ఆ పది అంకెల నిశ్శబ్దంలో ముందు బెంచీ విసుక్కుంటుంది. విసుక్కోనీ.

ఇంగ్లీషు అంటే గుర్తొచ్చింది. క్లాసు చివర అయిదు నిమిషాలు తెల్లకాగితం ముక్కలిచ్చి, అర్థం కానిది రాయండి, పేరు వద్దు అంటాను. మొలారిటీకీ మొలాలిటీకీ తేడా ఏంటి సార్, ఎన్నిసార్లు విన్నా కలిసిపోతున్నాయి అని రాస్తారు. నోటితో ఆ ప్రశ్న ఎన్నడూ రాదు. ఒకసారి ఒక చీటీలో, తెలుగు పుస్తకం ఇంగ్లీషు కంటే కష్టంగా ఉంది సార్ అని ఉంది. నిజం కాదా? 1968లో తెలుగు అకాడమీ పెట్టి కాలేజీ పుస్తకాలు తెలుగులో వేశారు, మంచిదే. కానీ ఎవరి తెలుగు? మా అమ్మ ఆవిరి అంటుంది, పుస్తకం బాష్పం అంటుంది. ఘనపదార్థం కరక్కుండా నేరుగా ఆవిరైతే దానికి పేరు ఉత్పతనం. ఆ మాట పలకడం వచ్చేసరికి పరీక్ష అయిపోతుంది. సరే, పేరు పోనీ. ఉదాహరణలు చూడండి. ఒకటి కర్పూరం. మమ్మల్ని రానివ్వని గుళ్ళో హారతి పళ్ళెంలో వెలిగేది. రెండోది నాఫ్తలిన్ గోళీలు. పట్టుచీరల బీరువా ఉన్నవాళ్ళింట్లో ఉండేవి. మా ఇంట్లో రెండు చీరలు దండెం మీదుండేవి, వాటికి పురుగు పట్టే తీరికే లేదు. ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా అని మీరు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు. మా పిల్లలకి ఇంగ్లీషు కావాలి, అందులో సందేహం లేదు. కానీ ఏ మీడియంలోనైనా మా ఇల్లు ఉదాహరణగా రాదు, ఆ సంగతి ఎవరూ మాట్లాడరు.

అందుకని నేను మా తాతని క్లాసులోకి తీసుకొచ్చాను. టానిన్ల పాఠం. పుస్తకంలో నాలుగు లైన్లుంది. నేను పుస్తకం మూసేసి, మా తాత లంద దగ్గర పనిచేసేవాడు అని మొదలుపెట్టాను. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి నానబెట్టి సున్నపు నీళ్ళలో వేసేవాడు. సున్నం క్షారం, వెంట్రుకల కుదుళ్ళని వదులు చేస్తుంది. గీకితే వచ్చేస్తాయి. తరవాత కడిగి, తోలుని సంచీలాగా కుట్టి, తంగేడు చెక్క నానబెట్టిన రసం నింపి వేలాడదీసేవాడు. చెక్కలో ఉన్న టానిన్లు తోలులోని కొలాజెన్ ప్రొటీనుని పట్టుకుంటాయి. ఎట్లా పట్టుకుంటాయి? హైడ్రోజన్ బంధాలతో. అట్లా పట్టుకుంటే తోలు కుళ్ళదు, నీళ్ళకి చెడదు. కుళ్ళిపోయేదాన్ని కుళ్ళకుండా చేసి, ఊరికి చెప్పులూ, మోట బావులకి తోలు తొండాలూ ఇచ్చిన రసాయన శాస్త్రం ఇది. మా తాతకి పీహెచ్ కాగితం లేదు. రసం నాలిక మీద వేసుకుని వగరు చూసి చెప్పేవాడు.

మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు ముందు వరసలో ఒకమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అక్కడ వాసన లేదు, మాటే ఉంది. వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. “సార్, కరక్కాయ కూడా వేస్తారు కదా సార్?” ఆ సంవత్సరమంతా ఒక్క మాట మాట్లాడని పిల్లాడు. వేస్తారు, ఎందుకు వేస్తారో చెప్పు అన్నాను. చెప్పాడు. రంగుకీ బిగువుకీ అని. అయిదు నిమిషాలు చెప్పాడు. నేను బోర్డు మీద రాసుకుంటూ పోయాను.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఉత్సాహపడే లెక్చరర్లు బాగా వినాలి. నేను నా తాత గురించి చెప్పాను. ఆ పిల్లాణ్ణి లేపి, మీ ఇంట్లో ఇది చేస్తారు కదా చెప్పరా అని అడగలేదు. అట్లా అడిగితే స్కాలర్‌షిప్పు నోటీసుకీ దానికీ తేడా లేదు. కులం బయటపెట్టుకునే హక్కు ఎవరిది వాళ్ళది. సారు ముందు తన ఒళ్ళు చూపిస్తే, వాడికి ఇష్టమైతే వాడు వస్తాడు, లేకపోతే లేదు. మీకు చెప్పుకోవడానికి అట్లాంటి తాత లేకపోతే పొలం ఎవరు దున్నారో, గొడ్డు ఎవరు మోశారో, మీ తాత ఎంత కూలి ఎగ్గొట్టాడో అది చెప్పండి. అదీ పాఠమే.

ఇదే తోలు పని మద్రాసులో 1948లో పెట్టిన సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేస్తే శాస్త్రం. మా గుంటూరు జిల్లాలోనే పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు దానికి డైరెక్టరై 1971లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన గొప్పవాడు, ఆయన్ని తక్కువ చెయ్యను. పైకులంలో పుట్టి తోలు మీద చెయ్యి వేశాడు. కానీ పల్లెలో లంద దగ్గర చేసిన పనికి మైల పేరూ, లాబరేటరీలో చేసిన పనికి పతకమూ ఎట్లా వచ్చాయో కెమిస్ట్రీ సిలబస్‌లో చెప్పరు. నేను చెబుతాను. పోర్షన్ వెనకబడుతుంది, పడనీ.

మాట్లాడరు మాట్లాడరు అంటారే, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. దాని వెనక గొడవ సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటువాడికి తగలడం. నేనప్పుడు ఎమ్మెస్సీలో ఉన్నాను. శవాల్ని కాలవలో వేశారని పేపర్లో వచ్చింది. మా క్లాసులో ఆ వారమంతా ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్, వరసగా పాఠాలు జరిగాయి. ఒక్క ప్రొఫెసరు ఒక్క మాట అనలేదు. ఒకాయన మాత్రం, హాజరు ఎందుకింత పడిపోయింది అని అడిగాడు. ఆ రోజు మూగబోయింది మేమా?

మా పిల్లాడు థియరీలో డెబ్భై తెచ్చుకుని ప్రాక్టికల్స్‌లో పాసుకి సరిపడా మార్కులతో బయటపడటం నేను చాలాసార్లు చూశాను. వైవాలో మొదటి ప్రశ్న సబ్జెక్టు కాదు. “ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఊళ్ళో ఎటువైపు?” ఆ తరవాత సాల్ట్ అనాలిసిస్. అప్పటికే వాడి చెయ్యి వణుకుతుంటుంది. ఢిల్లీ ఎయిమ్స్ మీద వేసిన థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో ఇదే రాసింది. దళిత, ఆదివాసీ విద్యార్థులకి టీచర్లు సమయమివ్వరని, ప్రాక్టికల్స్‌లోనూ వైవాల్లోనూ కులం లెక్కలోకి వస్తోందని పిల్లలు చెప్పారని. దేశంలో మొదటి మెడికల్ కాలేజీలోనే అట్లా ఉంటే మా మండల కేంద్రం కాలేజీ గురించి వేరే చెప్పాలా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణాలు పోగొట్టుకున్న రీసెర్చ్ పిల్లల్లో సెంథిల్ కుమార్, 2008లో, గైడు లేకుండానే మిగిలినవాడు. మాదారి వెంకటేష్, 2013లో, రెండేళ్ళు దాటినా సరైన గైడు దొరకనివాడు. 2016 జనవరి 17న రోహిత్ వేముల. వీళ్ళకి పార్టిసిపేషన్ తక్కువని రాస్తారా?

ఏకలవ్యుడి బొటనవేలు గురించి అందరూ మాట్లాడతారు. నాకు ద్రోణుడిలో ఇంకో సంగతి కనబడుతుంది. ఒక్క పాఠం చెప్పకుండా ఫీజు వసూలు చేశాడు.

మనవాళ్ళకీ ఒక మాట. విద్యార్థి సంఘాలు నడిపే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ. సీటు దాకా మనం కొట్లాడాం. హాస్టలు కోసం, మెస్ ఛార్జీల కోసం, బ్యాక్‌లాగ్ పోస్టుల కోసం రోడ్లెక్కాం. ఎక్కాలి కూడా. కానీ సీట్లో కూర్చున్నాక ఆ యాభై నిమిషాలు ఏం జరుగుతోందనేది పాఠాలు చెప్పేవాళ్ళ సొంత వ్యవహారంలాగా వదిలేశాం. పూలే వదల్లేదు. 1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన విజ్ఞాపనలో, బడిపంతుళ్ళు సాగుచేసే కులాల్లోంచి రావాలని, నాగలి మేడి పట్టడానికి సిగ్గుపడనివాళ్ళు కావాలని అడిగాడు. బడి ఇవ్వండని అడిగి ఊరుకోలేదు, లోపల ఎవరు నిలబడాలో అడిగాడు. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో పిల్లవాడైన అంబేద్కర్ని లెక్క చెయ్యడానికి బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక అన్నం డబ్బాలు పెట్టుకున్న సవర్ణ పిల్లలు, అవి మైలపడతాయని పరిగెత్తుకెళ్ళి తీసేశారు. ఆయనే 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. బయటి కాలేజీల పిల్లలు కూడా ఆయన పాఠం వినడానికి వచ్చేవాళ్ళు. స్టాఫ్ రూములో కుండలో నీళ్ళు తాగొద్దని తోటి ప్రొఫెసర్లు అడ్డం చెప్పారు. బోర్డు వెనక ఇంకా డబ్బాలున్నాయి. మన పిల్లాడు లేవడం లేదంటే బోర్డు దాకా నడిస్తే ఏమవుతుందో వాడికి ముందే తెలుసు కాబట్టి.

మా కాలేజీలో రెండో సంవత్సరం పిల్లాడొకడు వేరే సబ్జెక్టు క్లాసులో డౌటు అడిగాడు. “ఫ్రీ సీటువాడివి, నీకు డౌట్లు కూడానా” అన్నాడు లెక్చరరు. క్లాసు నవ్వింది. పిల్లాడు మళ్ళీ రాలేదు. హాజరు తగ్గింది, స్కాలర్‌షిప్పు ఆగింది. ఇప్పుడు హైదరాబాదులో టైల్స్ పని చేస్తున్నాడు. ఫోను చేస్తే, “పని బానే ఉంది సార్, ఇక్కడ మేస్త్రీని ఏదైనా అడగొచ్చు” అన్నాడు.

కాబట్టి వచ్చే వారం ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళేటప్పుడు మెస్ బిల్లుల కాగితంతో పాటు ఇంకో కాగితం పట్టుకెళ్ళండి. స్కాలర్‌షిప్పు జాబితాలు క్లాసులో చదవొద్దు, గోడకి అంటించొద్దు, గ్రూపులో పెట్టొద్దు. ల్యాబు బ్యాచీలు చీటీలు తీసి వెయ్యాలి. వైవాలో ఊరూ ఇంటిపేరూ అడిగితే అక్కడే రాసుకుని సంతకాలు పెట్టి ఇవ్వండి. యూనివర్సిటీకి 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. మీ కాలేజీలో గత అయిదేళ్ళ థియరీ మార్కులూ ప్రాక్టికల్ మార్కులూ, పేర్లు లేకుండా, కేటగిరీ వారీగా కావాలని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలుకి పోండి. ఆ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి, ఆ కాగితం జిరాక్సులు తీసి, ముందు స్టాఫ్ రూములో పంచండి.